దీపం కింద నీళ్ళు

పండుగ సంచికలో దీపం గురించి నాలుగు మాటలు రాయడం మన సొసైటీ పత్రికకు ఆనవాయితీ. ఈసారి కూడా దీపం గురించే రాస్తున్నాం. కాకపోతే ఈసారి దాని కింద ఉన్న నీళ్ళను కూడా చూద్దామని మా ప్రయత్నం.

పోయిన ఏడాది కార్తీక పౌర్ణమి సాయంత్రం చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెరువు పార్కు వాళ్ళు దీపాలు వదలడానికి అనుమతి ఇస్తూ ఒక షరతు పెట్టారు. వదిలిన ప్రతి దీపాన్నీ వెళ్ళేలోగా బయటికి తీయాలి, ఒక్క దొన్నె కూడా నీళ్ళలో మిగలకూడదు. పూజ అయ్యాక ఆడవాళ్ళు పిల్లల్ని కార్లెక్కిస్తుంటే, మన వాలంటీర్లు మోకాళ్ళ లోతు చల్లటి నీళ్ళలో దిగి, వలలతో ఆకు దొన్నెలు, ప్రమిదలు, వత్తులు ఏరుకొచ్చారు. ఇండియా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక బాబాయి గారు గట్టు మీద నిలబడి టార్చి పట్టారు. ఆయన తెలంగాణలో ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్ళ పైన పనిచేసి రిటైరయ్యారు. అంతా అయ్యాక ఆయన ఒక మాట అన్నారు.

"దీపం బూడిద చిటికెడు కూడా ఉండదు బాబూ, దాన్ని ఇంత శ్రద్ధగా తీశారు. మా ప్లాంటులో రోజూ రైళ్ళకొద్దీ బొగ్గు కాల్చేవాళ్ళం. ఆ బూడిద ఎటు పోతుందని అడిగినవాడు లేడు. చెరువు నిండితే గట్టు ఎత్తు పెంచేవాళ్ళం. అంతే."

ఆ మాట మమ్మల్ని ఏడాదిగా వదల్లేదు. మనం వెలిగించిన దానివల్ల మన కంటికి కనపడని నీళ్ళు పాడైతే ఆ దోషం ఎవరిది? కాల్చినవాడిదా, కాల్చమన్నవాడిదా, స్విచ్చి వేసినవాడిదా? లేక ఎవరూ కావాలని చేయలేదు కాబట్టి ఎవరిదీ కాదా? దీన్ని గురించి ఆలోచించడానికి ఇండియా దాకా పోనక్కర్లేదు. మన రాలీ, కేరీ, మారిస్‌విల్ నుంచి సుమారు రెండు గంటల దూరంలో డాన్ నది ఉంది. దాని కథే సరిపోతుంది.

ముందుగా ఈ బూడిద నీళ్ళలోకి ఎలా వస్తుందో చెప్పుకోవాలి. బొగ్గుతో కరెంటు తీసే కేంద్రానికి ఆవిరిని చల్లబరచడానికి బోలెడు నీళ్ళు కావాలి. అందుకే అలాంటి కేంద్రం ఎక్కడున్నా పక్కనే ఒక నదో, పెద్ద చెరువో ఉంటుంది. బొగ్గు కాలాక మిగిలే బూడిదను పాతకాలం కేంద్రాల్లో నీళ్ళతో కలిపి, గొట్టాల ద్వారా పక్కన తవ్విన బూడిద చెరువులోకి పంపేవారు. బూడిద అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీరు నదిలోకి పోతుంది. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ బొగ్గులో భూమి దాచిపెట్టిన ఆర్సెనిక్, సెలీనియం, పాదరసం, సీసం, క్రోమియం వంటివన్నీ కాలాక బూడిదలో చిక్కబడతాయి. కొంత ఆ తేరిన నీటితో నదిలోకి, అడుగున ఏ పొరా పరవని పాత చెరువుల్లో అయితే కొంత నేలలోకి, అక్కణ్ణుంచి బావుల్లోకి దిగుతుంది.

డాన్ నది బ్లూ రిడ్జ్ కొండల్లో పుట్టి, నార్త్ కరోలినా, వర్జీనియా సరిహద్దును అటూ ఇటూ దాటుతూ పోతుంది. దానిలో కలిసే బెల్యూస్ క్రీక్ అనే వాగు మీద 1970ల మొదట్లో ఒక విద్యుత్ కేంద్రం కోసం పెద్ద జలాశయం కట్టారు. కేంద్రం 1974లో మొదలైంది. బూడిద చెరువు నుంచి తేరిన నీరు ఆ జలాశయంలోకి వచ్చేది. కొన్నేళ్ళలోనే అక్కడున్న 20 రకాల చేపల్లో 19 రకాలు దెబ్బతిన్నాయి, వాటిలో చాలావరకు పూర్తిగా కనుమరుగయ్యాయి. కారణం సెలీనియం. ఇది జరిగిన తీరు తెలిస్తే ఎవరి మనసైనా ఒక్క క్షణం ఆగుతుంది. పెద్ద చేపలు చూడటానికి ఆరోగ్యంగానే తిరిగేవి. సెలీనియం తల్లి ఒంట్లోంచి గుడ్డులోకి చేరి, పుట్టే పిల్లల్ని వంకర వెన్నెముకతోనో, ప్రాణం లేకుండానో చేసేది. అంటే పెద్దలు తిన్నదాని ఫలం పిల్లల్లో కనిపించింది. నీళ్ళ పైనుంచి చూసినవాడికి చెరువు బాగానే ఉంది.

1980ల నడుమ ఆ నీటిని జలాశయంలోకి వదలడం ఆపారు. ఆపి ఎక్కడికి పంపారు? డాన్ నదిలోకి. జలాశయంలో పదేళ్ళ తర్వాత కూడా చేపపిల్లల్లో ఆ లోపాలు కనిపిస్తూనే ఉన్నాయి.

తర్వాత ఇంకో మంచి పని జరిగింది. పొగగొట్టాల నుంచి వచ్చే గంధకపు పొగ వల్ల జనం ఊపిరితిత్తులు పాడవుతున్నాయని, 2002లో నార్త్ కరోలినా ప్రభుత్వం పొగను శుద్ధి చేయాలని చట్టం చేసింది. గాలి నిజంగానే బాగుపడింది. ఆ మేలు మనమూ పొందాం. అయితే పొగను కడిగే యంత్రాలు పొగలోని మురికిని నీళ్ళలోకి దించుతాయి. బెల్యూస్ క్రీక్ కేంద్రంలో 2008లో ఈ యంత్రాలు పెట్టాక నదిలోకి బ్రోమైడ్ ఎక్కువగా వచ్చింది. దిగువన ఉన్న మాడిసన్, ఈడెన్ ఊళ్ళు ఆ నీటిని తీసుకుని, మామూలుగా చేసినట్టే క్లోరిన్ కలిపి శుద్ధి చేస్తే, ఆ రెండూ కలిసి ట్రైహాలోమీథేన్లు అనే పదార్థాలు పెరిగాయి. ఏళ్ళ తరబడి తాగితే ఇవి క్యాన్సర్ ముప్పును పెంచవచ్చని అంటారు. ఎవరూ చెడు తలపెట్టలేదు. గాలిలోని మురికి నీటిలోకి మారింది, పెద్ద ఊళ్ళ కష్టం చిన్న ఊళ్ళ కుళాయిలోకి చేరింది.

ఇక 2014 ఫిబ్రవరి 2. ఆ రోజు సూపర్ బౌల్ ఆదివారం. మనలో చాలామందిమి సమోసాలు, మిర్చి బజ్జీలు పెట్టుకుని ఎవరో ఒకరి ఇంట్లో పెద్ద టీవీ ముందు ఉన్నాం. అదే మధ్యాహ్నం ఈడెన్ దగ్గర, మూతపడిన ఒక విద్యుత్ కేంద్రంలో కాపలా మనిషి బూడిద చెరువులో నీటి మట్టం దిగిపోయిందని గమనించాడు. చెరువు కింద నుంచి పోయే 48 అంగుళాల వాననీటి గొట్టం ఒకటి విరిగింది. సుమారు 39,000 టన్నుల బూడిద, 2.7 కోట్ల గ్యాలన్ల బూడిద నీరు డాన్ నదిలో కలిశాయి. గొట్టాన్ని పూర్తిగా మూయడానికి దాదాపు వారం పట్టింది. నది అడుగున 70 మైళ్ళ దాకా బూడిద పరుచుకుంది. దిగువన డాన్‌విల్ నగరం ఈ నది నీళ్ళే తాగుతుంది. శుద్ధి చేసిన నీళ్ళు ప్రమాణాల ప్రకారం బాగానే ఉన్నాయని పరీక్షల్లో తేలింది. ఆ నీటి కేంద్రాల్లో పనిచేసినవాళ్ళకు మనం కృతజ్ఞతలు చెప్పుకోవాలి. కానీ నదిలో పడిన బూడిదలో తిరిగి తీయగలిగింది కొద్ది భాగమే.

కేంద్రం నడిపిన డ్యూక్ ఎనర్జీ 2015లో కోర్టులో తప్పు ఒప్పుకుని 10.2 కోట్ల డాలర్లు చెల్లించింది. అదే ఏడాది రాష్ట్రంలో బూడిద చెరువుల చుట్టుపక్కల ఉన్న వందలాది కుటుంబాలకు, మీ బావి నీళ్ళు తాగవద్దు, వంటకు వాడవద్దు అని ప్రభుత్వం ఉత్తరాలు రాసింది. ఏడాది తిరగకుండానే, ఫరవాలేదు తాగవచ్చని మళ్ళీ ఉత్తరాలు రాసింది. ఆ లోహాలు నేలలో సహజంగా ఉన్నవేనని కంపెనీ వాదన. ఏది నమ్మాలో తెలియక ఆ ఇళ్ళలో తల్లులు సీసాల నీళ్ళతో పిల్లలకు స్నానాలు చేయించారు, అన్నం వండారు. చివరికి చట్టం చేసి వారికి కొత్త నీటి వసతి కల్పించారు. 2020 జనవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం రాష్ట్రంలో ఆరు కేంద్రాల దగ్గర దాదాపు 8 కోట్ల టన్నుల బూడిదను తవ్వి, పొరలు పరిచిన గుంటల్లో పెట్టాలి. ఆ పని ఏళ్ళకొద్దీ సాగేది.

ఇంత చెప్పాక సభ్యులు కొందరు అడిగే ప్రశ్నలు మాకు తెలుసు, ఎందుకంటే మేమూ వాటినే అడుక్కున్నాం.

మొదటిది: మనం నెల నెలా బిల్లు కడుతున్నాం కదా, ఇక మన బాధ్యత ఏముంది? దుకాణంలో బియ్యం కొన్నవాడు రైతు అప్పుకు బాధ్యుడవుతాడా? ఈ మాటలో కొంత నిజం ఉంది. గొట్టం చూసుకోవలసింది కంపెనీయే, దాన్ని అడగవలసింది ప్రభుత్వమే. వారి తప్పును మనం నెత్తిన వేసుకుంటే వారిని వదిలిపెట్టినట్టే అవుతుంది. కానీ బిల్లులో ఉన్న ధర నది ధర కాదు. బూడిదకు అడుగున పొర పరచకుండా, ఆరబెట్టకుండా, నీళ్ళలో కలిపి పక్కకు పంపినన్నాళ్ళూ కరెంటు చవకగా వచ్చింది. ఆ చవకదనం ఎవరో ఒకరు కట్టిందే. చేప కట్టింది, వాల్‌నట్ కోవ్ దగ్గర బావి ఉన్న ముసలావిడ కట్టింది. మనకు తగ్గింది వాళ్ళకు పెరిగింది.

రెండోది: ఈ చెరువులు తవ్వినప్పుడు మనం ఇక్కడ లేనే లేం. మనలో చాలామందిమి 1990ల తర్వాత వచ్చినవాళ్ళమే. ఇది ఇంకా గట్టి ప్రశ్న. ఈడెన్ దగ్గర బొగ్గు కాల్చడం 2012లోనే ఆగిపోయింది. 2014లో నదిలో కలిసింది ఎప్పుడో ఎవరో వాడుకున్న వెలుగు తాలూకు బూడిద. దీనికి మన పల్లెల్లో ఏనాటి నుంచో ఒక జవాబు ఉంది. తండ్రి ఆస్తి పంచుకున్న కొడుకు తండ్రి అప్పు నాది కాదంటే ఊరివాళ్ళు ఒప్పుకోరు. మనం ఈ దేశంలో పుట్టకపోయినా, ఆ చవక కరెంటుతో కట్టిన రోడ్లు, బడులు, ఆఫీసులు, ఆసుపత్రులు వచ్చిన మొదటి రోజు నుంచే వాడుకున్నాం. ఆస్తిలో భాగం తీసుకున్నాం కనుక అప్పులోనూ భాగం ఉంది.

మూడోది: అన్ని రకాల కరెంటూ ఏదో ఒక హాని చేసేదే కదా, ఏం చేస్తే మాత్రం ఏం లాభం? గ్యాస్ కోసం బండలు పగలగొడితే ఉప్పు, విషాలు కలిసిన నీరు పైకొస్తుంది. అణు కేంద్రం నదిని వేడి చేస్తుంది. సోలార్ పలకలకూ బ్యాటరీలకూ ఎక్కడో గని తవ్వాలి. ఇవన్నీ నిజమే. కానీ అన్నీ హాని చేస్తాయి అన్నంత మాత్రాన అన్నీ ఒకే హాని చేస్తాయని కాదు. అన్నం వండితే ఎలాగూ పొగ వస్తుందని ఇల్లు తగలబెట్టుకోము.

అలాగని కరెంటే వద్దనడం కూడా ధర్మం కాదు. కట్టెల పొయ్యి పొగలో కళ్ళు పాడుచేసుకున్న అమ్మమ్మలను చూసినవాళ్ళం. బోరు మోటారు ఆగితే ఎండిన వరిని చూసినవాళ్ళం. ఆసుపత్రిలో వెంటిలేటరు నడిచేదీ దానితోనే. మరి హాని లేకుండా బతకలేనప్పుడు ఎలా బతకాలి?

ఇదేమీ కొత్త ప్రశ్న కాదు. మన ధర్మశాస్త్రాలు గృహస్థుకు పంచసూనలు చెప్పాయి. సూన అంటే ప్రాణిహింస జరిగే చోటు. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళ కుండ. ఈ అయిదూ లేకుండా ఏ ఇల్లూ నడవదు, ఈ అయిదు చోట్లా తెలియకుండానే చిన్న ప్రాణులు పోతాయి. ఆ పెద్దలు రెండు తేలిక దారులూ వదిలేశారు. నువ్వు కావాలని చేయలేదు కాబట్టి దోషం లేదు పొమ్మని అనలేదు. దోషం కాబట్టి పొయ్యి వెలిగించవద్దనీ అనలేదు. పొయ్యి వెలిగించు, అది హింస అని గుర్తుంచుకో, దానికి బదులు రోజూ ఎంతో కొంత తీర్చు అన్నారు. చదువుకూ, దేవతలకూ, పితరులకూ, ప్రాణులకూ, అతిథికీ రోజూ చేయవలసిన పంచమహాయజ్ఞాలు ఆ బాకీ తీర్చడానికే. అయిదింటిలో పొయ్యి, నీళ్ళ కుండ రెండూ ఉన్నాయి చూడండి. ఇవాళ మన పొయ్యి రెండు గంటల దూరంలో ఉంది. నీళ్ళ కుండ ఇంకొకరి ఇంట్లో ఉంది. గోడ మీద స్విచ్చి మనకు ఆరో సూన.

తేడా ఒక్కటే. పాత అయిదు సూనలూ ఇంట్లోనే, కళ్ళ ముందే ఉండేవి. చీమ చచ్చిందని చీపురు పట్టినావిడకు తెలిసేది. ఆరోది దూరంగా ఉండటం వల్ల బాకీ ఉన్నట్టే తెలియదు. తెలియని బాకీని ఎవరూ తీర్చరు. అది దూరంలో ఉన్నవాళ్ళ మీద, బలం లేనివాళ్ళ మీద పడుతుంది. 2008 డిసెంబరు 22న, క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు, టెనెసీలోని కింగ్‌స్టన్ దగ్గర ఒక బూడిద చెరువు గట్టు తెగి 300 ఎకరాలు ముంచింది. ఎమరీ నదిలోంచి తీసిన బూడిదను రైళ్ళలో అలబామాలోని పెర్రీ కౌంటీకి పంపారు. అది పేద నల్లజాతి వారు ఎక్కువగా ఉండే చోటు. శుభ్రం చేసిన కూలీల్లో చాలామంది తర్వాత జబ్బుపడి కోర్టుకెక్కారు. కోర్టు బయట ఒప్పందం కుదిరింది 2023లో. అప్పటికి కొందరు పోయారు కూడా.

మన ఊళ్ళదీ ఇదే లెక్క. ఇండియా బొగ్గులో బూడిద మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. అమెరికా బొగ్గులో అంత ఉండదు. అంటే ఒకే వెలుగుకు అక్కడ ఎక్కువ బూడిద. రామగుండం దగ్గర గోదావరి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ, పాల్వంచ దగ్గర కిన్నెరసాని, మనం దణ్ణం పెట్టుకున్న నదుల పక్కనే ఆ పొగగొట్టాలు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని రైతులు, జాలర్లు అడ్డం నిలిచారు. 2010 జులై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఆ కేంద్రానికి అనుమతి రద్దయింది. వాళ్ళకు కరెంటు అంటే పగ లేదు. ఆ తడి నేల వాళ్ళ పంట, వాళ్ళ చేప, వాళ్ళ నీళ్ళ కుండ. బాకీ తమ మీద రాయవద్దని ముందే చెప్పారు.

మరి మన వంతు ఏమిటి? మాకు తోచింది చెబుతాం. మొదట తెలుసుకోవడం. మీ నీటి సరఫరా వారు ఏటా పంపే నీటి నాణ్యత నివేదికను పారేయకుండా ఒకసారి చదవండి. రెండోది అడగడం. రాష్ట్రంలో కరెంటు రేట్ల మీద బహిరంగ విచారణలు జరుగుతాయి, ఎవరైనా వెళ్ళి మాట్లాడవచ్చు. బూడిద శుభ్రం చేసే ఖర్చులో కొంత మన బిల్లుల్లోకే వస్తోంది కాబట్టి అడిగే హక్కు కూడా మనదే. అక్కడ బిల్లు పెరిగిందని మాత్రమే కాక, ఆ బావుల వాళ్ళ సంగతేమిటని కూడా అడిగేవాళ్ళు మనలో ఉండాలి. మూడోది, ఎవరికీ కష్టం కలగని చోట తగ్గించుకోవడం. పండుగ పదిరోజులూ రాత్రంతా వెలిగే సీరియల్ లైట్లు పదిన్నరకు ఆర్పితే ఏ దేవుడికీ కోపం రాదు. వీటితో నది శుభ్రపడిపోతుందని మేము అనడం లేదు. పంచయజ్ఞం చేసినవాడి పొయ్యిలో పడిన చీమ తిరిగి లేచిందా? లేవలేదు. అయినా చేసేవారు, బాకీ ఉందని మరిచిపోకుండా ఉండటానికి. మరిచిపోనివాడే గొట్టాన్ని చూసుకుంటాడు, గట్టు ఎత్తు పెంచే ముందు ఆగి అడుగుతాడు.

బాబాయి గారు ఈ వేసవిలో ఇండియా వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు, ఈ ఏడాది దీపాలు తీసేటప్పుడు టార్చి ఎవరు పడతారని అడిగారు. కార్తీక పౌర్ణమి కార్యక్రమానికి దీపాలు వదిలేవారి పేర్లు ఎప్పటిలాగే ప్రసాదం బల్ల దగ్గర రాసుకుంటాం. దాని పక్కనే ఇంకో కాగితం పెడతాం, వలలు పట్టి నీళ్ళలో దిగేవారి కోసం. దయచేసి రెండింటిలోనూ పేర్లు రాయండి.